కాఫీతో పాటు ఒక పేరు

మా అత్తగారి మీద నాకున్నది ఒకటే ఫిర్యాదు. ఆవిడకి శుభ్రం ఎక్కువ. ఈ మాట ఎవరితో అన్నా ‘అదృష్టవంతురాలివమ్మా’ అంటారు కాబట్టి ఇరవై ఆరేళ్లుగా ఎవరితోనూ అనలేదు. నేను లేచేసరికే వాకిలి కడిగి ఉంటుంది, మెట్లు కడిగి ఉంటాయి, కొళాయి కూడా కడిగి ఉంటుంది. డెబ్బై ఎనిమిదేళ్ల నూకాలమ్మగారు చేతిలో చీపురుతో గదిలోకి వస్తే నేను కాళ్లు మంచం మీదికి లాక్కుంటాను. లేకపోతే సామానుతో పాటు నన్నూ తుడిచేస్తారు.

అది నా ఒక్కదాని బాధే అయితే ఇలా కూర్చుని రాసేదాన్ని కాదు. మొన్న వేసవిలో మా ఇంట్లో దొంగ పడ్డాడు. అతను వదిలివెళ్లిన ఆనవాళ్లన్నిటినీ పోలీసులు వచ్చేలోపల పసుపునీళ్లతో కడిగి, ఆరబెట్టి, పైన ముగ్గు కూడా పెట్టేశారావిడ.

ఆ రోజు శుక్రవారం. పొద్దున్న ఆరింటికి చీర తీసుకుందామని వెళ్తే బీరువా తలుపు తీసే ఉంది. తాళం బద్దలు కొట్టలేదు. దేవుడిగదిలో మేకుకి వేలాడే తాళంచెవితోనే తీసి, చెవిని బీరువాకే వదిలేశాడు. అత్తగారి అయిదు కాసుల నానుతాడు పోయింది. నా రోల్డుగోల్డు హారాన్ని చేతిలోకి తీసుకుని చూసినట్టున్నాడు, మడతపెట్టిన దుప్పటి మీద పెట్టి వెళ్లాడు. నానుతాడు పోయినందుకు ఇంట్లో అందరూ బాధపడ్డారు. హారం వదిలేసినందుకు నేనొక్కదాన్నే బాధపడ్డాను.

మా ఊరు రాజోలుకి ఆటోలో పావుగంట. ఇంటికి పైన డాబా, వెనక పదిహేను కొబ్బరిచెట్లు. అందులో ఒక చెట్టు డాబా పిట్టగోడ మీదికి వాలి ఉంటుంది. డాబా మీద సగ్గుబియ్యం వడియాలు ఎండబెట్టి, పైన మెట్ల తలుపు గడియ వెయ్యడం మరిచిపోయింది నేనే. పైకి వెళ్లి చూశాను. మావారి పాత పంచె మీద పరిచిన వడియాలు సగం ఎండాయి. వాటి మధ్యలో, అచ్చు పోసినట్టు, కుడికాలి చెప్పు గుర్తు. ఏటవాలు గీతలు, మడమ దగ్గర గుండ్రటి బిళ్ల. మొదట నాకు వచ్చిన ఆలోచన వడియాల గురించే. రెండోది మాత్రం చదువుకున్న మనిషి ఆలోచన. ఇది సాక్ష్యం.

నేను బి.ఏ. చదివాను, నిజమే. కానీ ఈ తెలివి ఆ డిగ్రీ ఇచ్చింది కాదు. మా అమ్మాయి అమ్ములు కాకినాడలో హాస్టల్లో ఉండి ఎస్సై పరీక్షకి తయారవుతోంది. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. పుస్తకం నా దగ్గర ఉంటుంది, నేను ప్రశ్న అడుగుతాను, అది జవాబు చెబుతుంది. పోపు మాడకుండా చూసుకుంటూ నేరస్థలంలో మొదట చెయ్యాల్సిన పనులేమిటని అడిగిన తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మధ్యలో కొత్త చట్టాలొచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి. అది మళ్లీ మొదటినుంచి చదువుకోవాల్సి వచ్చింది. నేను మళ్లీ మొదటినుంచి అడగాల్సి వచ్చింది. రాజ్యాంగం ఒక్కటే పాపం అదే నంబరు మీద నిలబడి ఉంది.

అందుకని, ఫొటో తియ్యాలని తెలుసు. ఫోను కింద ఛార్జింగులో ఉంది. తీసుకుని మళ్లీ మెట్లెక్కేసరికి పంచె లేదు. మా అత్తగారు బకెట్లో ముంచి జాడిస్తున్నారు.

“అత్తయ్యగారూ, అది సాక్ష్యమండీ.”

“సాక్ష్యమేవిటమ్మా, మైల. దొంగ తొక్కినవి కాకులకి కూడా పెట్టకూడదు.”

“ఏదీ ముట్టుకోవద్దని చెప్పేనండీ కింద.”

“ముట్టుకోకుండా ఎలా కడుగుతారు? రాజోలునించి పోలీసులొస్తారు, పదిమందీ వస్తారు. దేవుడిగది అలా వదిలేస్తే మనల్ని ఏవనుకుంటారు?”

అప్పటికే బీరువా పిడి తడిగుడ్డతో తుడిచేశారు. తాళంచెవిని పసుపునీళ్లలో వేశారు. మెట్లకి ఫినాయిలు అయింది.

పదింటికి ఎస్సై వీరేంద్రగారు వచ్చారు. చిన్నవాడే, ముప్ఫై దాటినట్టు లేవు, కానీ రాత్రి నిద్ర లేని కళ్లు. ఆయనతో రైటరు అంజిబాబు. స్టేషన్లో కాగితాలన్నీ రాసేది అతనే. తరువాత వేలిముద్రలు తీసేవాళ్లిద్దరు, ఒక కుక్క. వేలిముద్రల ఆయన బీరువా మీద పొడి చల్లి, కళ్లద్దాలు సర్దుకుని, చాలాసేపు చూసి, “ఎవరు తుడిచేరో గానీ చాలా బాగా తుడిచేరండి,” అన్నాడు. మా అత్తగారు దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నారు. కుక్క ఫినాయిలు వాసన చూసి నాలుగుసార్లు తుమ్మి, వంటింటి గుమ్మంలో పడుకుంది. నేను పకోడీలు వేస్తున్నాను. ఆ కుక్కని నేను తప్పుపట్టను. ఆ రోజు ఇంట్లో తనపని తాను చేసింది అదొక్కటే.

ఇక్కడ మావారి గురించి చెప్పాలి. వీరవెంకటరమణగారు. సొసైటీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మంచి మనిషి. వచ్చినవాళ్లని ఉత్తచేతులతో పంపించడం ఆయనకి తెలియదు. దారి అడిగినవాడికి కూడా తెలియదని చెప్పరు. మర్యాద కాదంటారు. ఒకసారి అంతర్వేది వెళ్లే పెళ్లివారి వ్యాను ఈయన్ని దారి అడిగి పాశర్లపూడి చూసి వచ్చింది.

ఆ శుక్రవారం ఎస్సైగారు మా వరండాలో రెండో కాఫీ తాగి, తాపేశ్వరం కాజా సగం తిని, మూతి తుడుచుకుని, “ఎవరిమీదైనా అనుమానం ఉందా అండీ?” అన్నారు. అంత దూరం వచ్చిన మనిషి. చేతికి ఏమీ దొరకలేదు. కుక్క కూడా పడుకుంది.

పక్కింటి సుగుణ అప్పటికే గోడమీంచి చెప్పాల్సింది చెప్పేసింది. “తలుపు మేడమీదిదే తీసుందంటే, ఆ చెట్టెక్కి దిగేడండీ. అంత చెట్టెక్కడం మీవల్లవుద్దా, మావల్లవుద్దా?”

నిజానికి సుగుణవాళ్ల గోడ ఎక్కి, అక్కణ్ణుంచి కిటికీ పైన ఉన్న సన్‌షేడ్ మీద కాలు పెడితే ఎవరైనా మా డాబా ఎక్కొచ్చు. కేబులు వైరు సరిచేసే అతను నెలకోసారి అలాగే ఎక్కుతాడు. కానీ అందరికీ చెట్టే నచ్చింది. కేబులు అతని సంగతి నేను ఎస్సైగారికి చెప్పలేదు. చెబితే సాయంత్రానికి అతన్ని కూడా స్టేషన్లో కూర్చోబెడతారని భయం.

మావారు గొంతు సవరించుకున్నారు. “తెల్లారగట్ల నాలుగున్నరకి బాత్రూముకి లేచేనండి. కిటికీలోంచి ఆ చెట్టు దగ్గర ఎవరో మనిషి కనబడ్డాడండి. భుజాన తాడుందండి.”

“ఎవరండి?”

మావారు ఎస్సైగారి ఖాళీ గ్లాసు వైపు చూశారు. “ఎర్రయ్యలాగ ఉన్నాడండి. కొబ్బరికాయల దింపు తీసే ఎర్రయ్య.”

“ఖాయమేనా అండీ?”

“ఆయ్, ఎర్రయ్యేనండి.”

అంజిబాబు రాసుకున్నాడు. కాఫీతో పాటు ఒక పేరు కూడా పెట్టి పంపించారు మావారు.

నేను పకోడీల చిల్లులగరిటె పట్టుకునే వచ్చాను. వడియాల మీద చెప్పు గుర్తు చూశానని, ఎర్రయ్య జన్మలో చెప్పులు వేసుకోలేదని చెప్పాను. ఎస్సైగారు ఓపికగా విన్నారు. “ఫొటో తీసేరా మేడం?” అన్నారు. లేదన్నాను. “ఆ గుడ్డేదండి?” అన్నారు. దండెం మీద పంచె తెల్లగా ఎగురుతోంది.

మా కొబ్బరిచెట్లకి దింపు తీసేది ఇరవై ఏళ్లుగా ఎర్రయ్యే. మావే కాదు, ఈ రెండు వీధుల చెట్లన్నీ అతనివే. చెట్టెక్కే ముందు, “ఎక్కుతున్నానండోయ్, అమ్మగార్లు చూసుకోండి,” అని ఒక కేక వేస్తాడు. పైనుంచి అందరి పెరళ్లూ, అందరి డాబాలూ కనబడతాయి కదా. స్నానాలు చేసేవాళ్లు సర్దుకోవాలని ఆ కేక. ఇరవై ఏళ్లలో పైనుంచి ఏం చూశాడో కింద ఎవరికీ చెప్పలేదు. ఎవరింట్లో ఎవరు ఏడుస్తున్నారో, ఎవరి దండెం మీద ఏ చీర ఉందో, ఏదీ. ఆ శుక్రవారం ఒక్క పూటలో అదే నేరమైపోయింది. “పైనుంచి అన్నీ చూసుకునేవాడన్నమాట,” అంది సుగుణ.

మధ్యాహ్నం రెండింటికి అతన్ని పట్టుకున్నారు. పట్టుకోవడమంటే, చెట్టు మీద ఉన్నవాణ్ణి కిందికి రమ్మన్నారు. సగం గెలలు దింపి, సగం అలాగే వదిలేసి దిగాడట. వీధివీధంతా చూసింది.

సాయంత్రం అయిదింటికి బేబి మా పెరటి గుమ్మంలోకి వచ్చింది. ఎర్రయ్య పెళ్లాం. కొబ్బరిపీచు తీసే చోట పనిచేస్తుంది, జుట్టంతా పీచే. గుమ్మం దాటలేదు.

“లోపలికి రా బేబీ.”

“వద్దండమ్మగారూ. మళ్లీ ఏదన్నా పోతే మా మీదికొస్తాది.”

పీట వేశాను, కూర్చోలేదు.

“ఎదరింటివాళ్లు, ఆళ్ల పక్కింటివాళ్లు రేపట్నించి దింపుకి రావద్దన్నారండి. ఎవరి దొడ్లోకీ రానివ్వకపోతే ఆయన గాల్లో ఎక్కాలా అండీ? యాభై రెండేళ్లు. ఇంకో పని రాదు. ఆయన రాత్రంతా నా పక్కనే ఉన్నాడని చెప్పేనండి. పెళ్లాం మాట పనికిరాదన్నారు. అయ్యగారి మాట పనికొస్తాదంటండి.”

వాకిట్లో మా అత్తగారు రెండోసారి నీళ్లు చల్లుతున్నారు. నేను అమ్ములుకి ఫోన్ చేశాను.

“ఏ చాప్టరమ్మా?” అంది.

“చాప్టరు కాదే. ఎర్రయ్య.”

అంతా విని, అది పరీక్ష గొంతులోకి వెళ్లిపోయింది. “అరెస్టు చేశారా లేదా కనుక్కో. చేస్తే ఎందుకు చేశారో అతనికి చెప్పాలి, ఇంట్లోవాళ్లకి తెలపాలి, కాగితం ఉండాలి. లాయరుతో మాట్లాడుకోనివ్వాలి. ఇరవై నాలుగ్గంటల్లో మేజిస్ట్రేటు ముందుపెట్టాలి. లాయరుకి స్తోమత లేకపోతే ఉచితంగా ఇస్తారు. నేరం ఒప్పుకోమని బలవంతం చెయ్యకూడదు, పోలీసుల ముందు ఒప్పుకున్నా కోర్టులో అది చెల్లదు. ఇవన్నీ నువ్వే కదమ్మా నన్నడుగుతావు.”

“అడగడం వేరు, వెళ్లి అడగడం వేరు.”

“నాన్నగారు నిజంగా చూశారా?”

“నాలుగున్నరకి కళ్లజోడు ఎక్కడుంటుంది ఆయనకి?”

“మంచం పక్కన డబ్బాలో.”

“మరింకేం,” అని పెట్టేశాను.

బేబీ నేనూ ఆటోలో స్టేషనుకి వెళ్లాం. మావారితో గుడికి వెళ్తున్నానని చెప్పాను. ఆయన సరేనన్నారు, చూడకుండానే.

ఎర్రయ్య గోడవార బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మొహం మీద దెబ్బల్లేవు. అదే మొదట చూశాను.

“వడియాలు పాడైపోయినయ్యంట కదండమ్మగారూ,” అన్నాడు.

నేను ఎస్సైగారి గదిలోకి వెళ్లాను. ఆయన అరటిపండు తింటున్నారు. బహుశా అదే మధ్యాహ్నం భోజనం.

“ఎర్రయ్యని అరెస్టు చేశారా అండీ?”

“అబ్బే, అరెస్టు కాదు మేడం. మాట్లాడ్డానికి కూర్చోబెట్టేం.”

“అయితే ఇంటికి తీసుకెళ్లొచ్చా అండీ?”

ఆయన అరటితొక్క కాగితంలో చుట్టారు. “అలా కుదరదండి.”

“కుదరకపోతే అది అరెస్టేనేమో కదండీ. కాగితమేదండి?”

ఎస్సైగారు నన్ను మొదటిసారి సరిగ్గా చూశారు. “మేడం లాయరా అండీ?”

“కాదండి. పకోడీలు వేసింది నేనే.”

బయట అంజిబాబు దగ్గు లాంటిదేదో చేశాడు. ఎస్సైగారు నవ్వలేదు గానీ కుర్చీలో వెనక్కి వాలారు. ఆయనకీ ఓపిక లేదు, నాకూ లేదు. ఓపిక లేనివాళ్లిద్దరు మాట్లాడుకుంటే ఒక్కోసారి నిజం తొందరగా వస్తుంది.

“కాగితం ఇప్పుడే రాయిస్తాను. ఆవిడ సంతకం తీసుకుంటాం. రేపు పన్నెండులోపు కోర్టులో పెడతాం. అక్కడ లాయర్ని ఇస్తారు. మేం చెయ్యి చేసుకోలేదు, మీరే అడగండి. కానీ మీరొక్కటి ఆలోచించండి మేడం. మీ ఇల్లే, మీ బంగారమే, మీవారే ‘నేను చూశాను, ఎర్రయ్యే’ అన్నారు. నేనేం చెయ్యాలి?”

“నేను చెప్పు గుర్తు చూశానన్నాను కదండీ.”

“మీరు చూసింది మీవాళ్లే కడిగేశారండి. ఆయన చూసింది మేం రాసుకున్నాం. దాన్ని కాదనగలిగింది ఆయనొక్కరే.”

బేబి వేలిముద్ర వేసింది. ఎర్రయ్య ఆమెకి ఏదో చెప్పాడు. సగం వదిలేసిన చెట్టు కింద ఎవరూ నిలబడకుండా చూడమని, కోసిన గెల ఒకటి కొబ్బరికమ్మల్లో ఇరుక్కుని ఉందని. ఆటోలో వస్తుంటే బేబి నాకు అది చెప్పింది.

అన్నాల దగ్గర మావారితో ఆ మాట ఎత్తాను. ఆయన మజ్జిగ కలుపుకుంటున్నారు.

“మీరు నిజంగా ఎర్రయ్యని చూశారా అండీ?”

“చూసేననే కదా చెప్పేను.”

“మొహం కనబడిందా?”

“తాడు కనబడింది. తాడెవడికుంటుంది?”

“మరి చెప్పు గుర్తో?”

“చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కి, పైన వేసుకుని ఉంటాడు.”

“చెట్టెక్కేవాడు చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతాడా అండీ?”

మా అత్తగారు కల్పించుకున్నారు. “వాడు చూసేనంటున్నాడు కదా ఉమా. నీ మొగుణ్ణి నువ్వే క్రాసు చేస్తావేవిటి? పోయింది నీ నానుతాడా, నాదా?”

“పోయింది మీదేనండీ. తీసినవాడు ఎర్రయ్యని మాత్రం మీకెలా తెలుసండి?”

“ఊరంతా అంటోంది.”

మావారు కంచంలోనే చెయ్యి కడిగారు. “ఎస్సైగారు అంత మర్యాదగా అడిగేరు. ఇప్పుడెళ్లి కాదంటే ఆయన దగ్గర నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?”

ఇరవై ఆరేళ్ల కాపురంలో నేర్చుకున్నదొకటుంది. ఈయనతో వాదిస్తే గెలుస్తాం, కానీ పని జరగదు. అందుకని గిన్నెలు తోమేసి పడుకున్నాను. గుర్తింపు పరేడ్ అని అమ్ములు పుస్తకంలో ఒక పాఠం ఉంది. సాక్షి తాను చూశానన్న మనిషిని పదిమందిలో గుర్తుపట్టగలడా లేదా అని పరీక్షించడం. నాకు పదిమంది దొరకరు. ఒక్క మనిషితోనే కానివ్వాలి.

తెల్లవారుజామున నాలుగుంపావుకి లేచాను. మావారి లుంగీ చీరమీదే చుట్టుకుని, తలకి తువ్వాలు కట్టి, నూతి దగ్గర తాడు భుజాన వేసుకుని వెళ్లి కొబ్బరిచెట్టు దగ్గర నిలబడ్డాను. దోమలు. ఉక్క. ఒక కమ్మ నా పక్కనే రాలింది. దొంగతనం ఎంత విసుగైన వృత్తో ఆ పావుగంటలో తెలిసింది.

నాలుగున్నరకి మావారి దగ్గు వినబడింది. బాత్రూము లైటు వెలిగి ఆరింది. తరువాత కిటికీ చువ్వల వెనక ఆయన ఆకారం ఆగింది.

“ఎవరది?”

నేను తాడు సర్దుకున్నాను.

“ఎర్రయ్యా? వదిలేశారా నిన్ను?”

చాలా ప్రేమగా అడిగారు. నిజంగా వదిలేశారేమోనన్న ఆశతో అడిగినట్టు అడిగారు. అది విన్నాక నాకు గెలిచినట్టు అనిపించలేదు.

“నేనండి,” అన్నాను. “కాఫీ పెట్టమంటారా?”

చువ్వల వెనక ఆకారం పక్కకి తప్పుకుంది.

కాఫీ ఇచ్చినప్పుడు ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. కళ్లజోడు డబ్బా చేతిలో ఉంది, తెరవలేదు.

“తప్పుడు సమాచారం ఇస్తే శిక్ష ఉంటుందా?”

“ఉందండి.”

“ఎంత?”

“పాత సెక్షనైతే గుర్తుంది. కొత్తది అమ్ములునడగాలి. అడగనా?”

“వద్దులే.” కాఫీ మీద మీగడ కట్టింది. “నన్ను కూడా ఆ బల్ల మీద కూర్చోబెడతారా ఉమా?”

అబద్ధం చెప్పొచ్చు. ఆయనకి చెప్పిన అబద్ధాలు నాకు కొత్త కాదు, గుడి అబద్ధం ఇంకా వెచ్చగానే ఉంది. “కూర్చోబెట్టొచ్చండి. తెలియదు. పన్నెండు దాటితే మాత్రం ఎర్రయ్యని కోర్టుకి తీసుకెళ్తారు. అక్కణ్ణుంచి జైలు కావచ్చు. తరువాత మీరు చెప్పినా, చెప్పకపోయినా అతన్ని ఎవరూ పెరట్లోకి రానివ్వరు.”

ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. టిఫిను తినలేదు. మా అత్తగారు గుమ్మం దగ్గర చీపురుతో అడ్డం నిలబడ్డారు.

“ఎర్రయ్య కాదంటే మరి నా నానుతాడు ఎవరు తెస్తారు?”

“తెలీదమ్మా,” అన్నారు మావారు. దారి అడిగినవాళ్లకి కూడా ఎప్పుడూ చెప్పని మాట. ఆవిడ చీపురు పక్కకి తీశారు.

స్టేషన్లో ఎర్రయ్య అదే బల్ల మీద ఉన్నాడు, పక్కన బేబి క్యారేజీతో. మావారిని చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆయన అటు చూడలేదు. నేరుగా ఎస్సైగారి బల్ల దగ్గరికి వెళ్లి, వాతావరణం గురించి మొదలుపెట్టారు. ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నారు. ఎస్సైగారు ఉన్నాయన్నారు. నేను తలుపు దగ్గర నిలబడి వాళ్లిద్దరి తలల మీద తిరుగుతున్న ఫ్యాను చూశాను.

“నిన్న నేనొకటి చెప్పేనండి,” అన్నారు చివరికి. “అందులో కొంచెం... చీకటి కదండీ. కళ్లజోడు లేదండి. కొంత పొరపాటు జరిగుండొచ్చునేమోనండి.”

“జరిగిందా, జరిగుండొచ్చునా అండీ?” ఎస్సైగారి గొంతులో కోపం లేదు. “కోర్టు టైమవుతోంది. ఇదో, అదో ఒకటి చెప్పండి.”

అంజిబాబు కాగితం తీసుకుని వచ్చి కూర్చున్నాడు. “కాస్త గట్టిగా చెప్పండి మాష్టారూ. ఫ్యాను గోలలో వినబట్టం లేదు, రాసుకోవాలి.”

మావారు బల్ల అంచు పట్టుకున్నారు. “శుక్రవారం తెల్లారగట్ల...”

“శుక్రవారం తెల్లవారుజామున,” అంజిబాబు రాస్తూ పలికాడు.

“చెట్టు దగ్గర ఎవరో ఉన్నట్టు అనిపించిందండి.”

“ఆ.”

“అది మనిషో, కమ్మ నీడో కూడా తెలీదండి.”

“మనిషో, కమ్మ నీడో... ఆ.”

“ఎర్రయ్యని నేను చూళ్లేదండి.”

అంజిబాబు కలం ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. “మరి పేరెందుకు చెప్పేరని అడుగుతారండీ కోర్టులో.”

“ఆయన కాఫీ తాగుతూ అడిగేరండి. ఏదో ఒకటి చెప్పకపోతే బాగోదనిపించింది.”

ఎస్సైగారు నుదురు రుద్దుకున్నారు. తరువాత ఆయన, “కాఫీ బాగుందండి, మేడం,” అని నాతో అని, అంజిబాబు వైపు తిరిగారు. “పిలిచినప్పుడు వస్తానని ఎర్రయ్యతో బాండు రాయించుకుని పంపించెయ్. ఈయనది వాంగ్మూలం పూర్తిగా తీసుకో. ఈయన సంగతి తరవాత చూద్దాం.”

ఆ ‘తరవాత’ ఏమిటో ఎవరూ అడగలేదు.

“అయిపోయిందాండీ? ఇంకేమైనా చెప్తారా?” అన్నాడు అంజిబాబు.

“ఉందండి. తప్పు నాది. అది కూడా రాయండి.”

అంజిబాబు కలం ఎత్తి ఎస్సైగారి వైపు చూశాడు, తరువాత మావారి వైపు చూశాడు. “అది రాయక్కర్లేదండి. కేసుకి అది పనికిరాదు.”

మావారు బల్ల అంచు వదిలారు. తరువాత వెనక్కి తిరిగి, రెండడుగులు వేసి, గోడవార నిలబడ్డ ఎర్రయ్య ఎదురుగా ఆగారు. ఫ్యాను గోల అలాగే ఉంది. ఆయన గొంతు పెంచారు.

“ఎర్రయ్యా, నేను నిన్ను చూళ్లేదు. చూడకుండా నీ పేరు చెప్పేను. తప్పు నాదే.”